గుర్రానికి ముసలితనం దక్కిన కథ

విజయనగరాన్ని సాళువ నరసింహుడు ఏలిన రోజుల్లో గుర్రాల బేరం ఎలా సాగేదో పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ రాసిపెట్టాడు. వెయ్యి పర్దావులకు (ఆనాటి బంగారు నాణేలకు) మూడు గుర్రాలు. బతికున్నా సరే, చచ్చినా సరే. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, ప్రాణంతో ఒడ్డున దిగిన గుర్రంతో సమానంగా సొమ్ము ముట్టేది. 16వ శతాబ్దం తొలి సగంలో విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని కూడా నూనిజే చెప్పాడు. హోర్ముజ్ నుంచి ఓడలెక్కి వచ్చినవీ, దేశవాళీవీ కలిపి ఆ లెక్క.

ఏటా అన్ని వేల గుర్రాలు ఎందుకు కావలసి వచ్చాయి? యుద్ధాలు ఒక కారణం. రెండో కారణాన్ని అంతకు రెండు వందల ఏళ్ల ముందే మార్కో పోలో పట్టుకున్నాడు. తమిళ తీరంలోని పాండ్య రాజు ఏడాదికి రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడని, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవని అతను రాశాడు. గుర్రాల వైద్యం తెలిసినవాళ్లు ఆ దేశంలో లేరట. బయట ఉన్నవాళ్లను అరబ్బు వర్తకులు రానివ్వరట. గుర్రాలు చస్తూ ఉంటేనే కదా వాళ్లకు బేరం! వాటికి మాంసం, అన్నం వండి పెట్టేవారని కూడా అతను నమోదు చేశాడు. పచ్చికబయళ్లలో పుట్టిన జంతువు వేడి నేలకూ, పడని తిండికీ, తెలియని చేతులకూ చిక్కి ఏడాదిలోపే రాలిపోయేది.

సరిగ్గా చూసుకుంటే గుర్రం పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. మనిషి గుర్రాన్ని మచ్చిక చేసుకుని వేల ఏళ్లయినా ఆ వయసును చేరుకున్న గుర్రాలు మాత్రం చాలా అరుదు. యుద్ధానికో, బండికో, నాగలికో పనికొచ్చినంత కాలమే దాని బతుకు. కాళ్లు బిగుసుకున్న రోజున ఆ లెక్క ముగిసిపోయేది. అందుకే ముసలి గుర్రం కీళ్లనొప్పులకు ఏం చేయాలన్న ప్రశ్నను మనుషులు సూటిగా వేసుకున్నది ఈమధ్యనే. అంతకుముందు కూడా గుర్రాల కాళ్లకు వైద్యం జరిగేది. అయితే దాని గురి గుర్రం ఇచ్చే పని మీద, పలికే ధర మీద.

గుర్రం తన బరువులో దాదాపు అరవై శాతాన్ని ముందుకాళ్ల మీద మోస్తుంది. పరిగెత్తేటప్పుడు ఒక్కో క్షణంలో ఆ భారమంతా ఒకే గిట్ట మీద పడుతుంది. కీలులో ఎముకల చివరలను కప్పి ఉంచే మృదులాస్థి అరిగితే మళ్లీ అంత తేలిగ్గా పెరగదు. దాన్ని తడిపే జిగురు ద్రవం పలచబడుతుంది. కీలు వాస్తుంది, చుట్టూ కొత్త ఎముక పేరుకుంటుంది. రాత్రంతా లాయంలో నిలబడ్డ ముసలి గుర్రం పొద్దున్నే బయటికి వచ్చేటప్పుడు అడుగులు పొట్టిగా, బిగుసుగా పడతాయి. కాసేపు నడిచాక ఒళ్లు వేడెక్కి నడక సాఫీ అవుతుంది. ఈ ఆఖరి లక్షణం చరిత్రలో ఎందరో కొనుగోలుదారులను మోసపుచ్చింది.

ఆ మోసం నుంచి కాచుకోవడానికే తొలి అశ్వ గ్రంథాల్లో చాలా భాగం పుట్టింది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రం కొనేవాడు తల చూసే ముందు గిట్టలు చూడాలని రాశాడు. నడిచేటప్పుడు మోకాళ్లు సులువుగా వంచే పిల్ల గుర్రం స్వారీలోనూ చురుగ్గా ఉంటుందన్నాడు. పాలపళ్ల గుర్తులు పోయిన గుర్రాన్ని కొనవద్దని హెచ్చరించాడు, ఎందుకంటే ఆ తర్వాత దాని వయసు తేల్చడం కష్టం. మన దేశంలో ఈ విద్యకు ఆదిపురుషుడు శాలిహోత్రుడు. ఆ సంప్రదాయంలో నకులుడి పేర, జయదత్తుడి పేర సంస్కృత గ్రంథాలు నిలిచాయి. వాత పిత్త కఫాల చొప్పున మనిషికి చేసే వైద్యాన్నే ఇవి గుర్రానికీ వర్తింపజేశాయి. శాలిహోత్రం పారసీకంలోకి వెళ్లింది. ఉత్తరాదిన గుర్రాల వైద్యుడికి సాలోత్రి అన్న పేరే స్థిరపడి బ్రిటిష్ సైన్యం రికార్డుల దాకా నడిచింది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. సుళ్లు, రంగులు, గతులు చూసి మంచి గుర్రాన్ని ఎంచడం రాజులకూ రౌతులకూ అవసరమైన విద్య, దాన్ని పద్యాల్లో పెడితే గుర్తుంటుంది.

కొనేవాడు ఎంత నేర్చుకుంటే అమ్మేవాడు అంతకంటే ఎక్కువ నేర్చాడు. 19వ శతాబ్దపు ఇంగ్లండు సంతల్లో ముసలి గుర్రాన్ని పడుచు గుర్రంగా చూపించడం ఒక చేతిపనిగా సాగింది. వయసుతో నునుపెక్కిన పళ్లలో ఉలితో గుంటలు తవ్వి, కాల్చిన ఇనుముతో నల్లమచ్చ పెట్టేవారు. కళ్లపైన పడిన గుంతల్లోకి గాలి ఊది పూడ్చేవారు. ఒక కాలు కుంటుతుంటే రెండో కాలి లాడం కింద చిన్న రాయి దోపేవారు. రెండూ ఒకేలా నొప్పి పెడితే కుంటు కనబడదు. అన్నిటికంటే తేలికైన ఉపాయం, బేరగాడు రాకముందే గుర్రాన్ని దౌడు తీయించి ఉంచడం. పొద్దుటి బిగుసు అప్పటికే సడలిపోయి ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు ముందుగా చెప్పకుండా వెళ్లి, లాయంలో చల్లారి ఉన్న గుర్రాన్నే బయటికి తీయించి చూసేవారు. వెనకకాలి నడిమి కీలును నిమిషం పాటు మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే పరిగెత్తించే పరీక్ష కూడా ఈ అవసరంలోంచి బలపడింది. పశువైద్యులు నేటికీ కీలు నొప్పిని అలాగే పట్టుకుంటారు.

ఇక చికిత్స. తెలుగు పల్లెల్లో ఎద్దు కాలు వాస్తే వాతలు పెట్టినట్టే, ప్రపంచమంతటా గుర్రాల కాళ్లకూ వాతలు పెట్టారు. రోమను కాలపు పశువైద్య గ్రంథాల్లో ఎర్రగా కాల్చిన ఇనుము ఉంది. అరబ్బు ఎడారుల్లో ఉంది. యూరప్ సైన్యాల్లో ఉంది. కీలు మీదా, స్నాయువు వెంబడా గీతలుగానో చుక్కలుగానో కాల్చేవారు. కాల్చడం చాతకాకపోతే ఒక జాతి పురుగుల పొడి కలిపిన మందు రుద్ది బొబ్బలెక్కించేవారు. పాత నొప్పిని కొత్త మంట లాగేస్తుందన్నది నమ్మకం. వాతలు పెట్టాక గుర్రం నెలల తరబడి పనికి వెళ్లలేదు కాబట్టి తప్పనిసరిగా విశ్రాంతి దొరికేది. కాలు కుదుటపడితే పేరు మాత్రం ఇనుముకే దక్కేది.

1762లో క్లోద్ బూర్జలా ఫ్రాన్సులోని లియోన్‌లో పశువైద్య పాఠశాల తెరిచాడు. ఈ విద్యకు ప్రపంచంలో అదే తొలి బడి. 1789లో ఎక్లిప్స్ అనే పేరుమోసిన పందెం గుర్రం 24 ఏళ్ల వయసులో కడుపునొప్పితో చనిపోతే, దాని శరీరాన్ని కోసి కొలతలు తీసిన ఫ్రెంచివాడు షార్ల్ వియాల్ ద సాంబెల్. రెండేళ్లకు లండన్‌లో వెలసిన పశువైద్య కళాశాలకు అతనే మొదటి అధిపతి అయ్యాడు. ఆ కళాశాలకు అండగా నిలిచినవారిలో శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఒకడు. ఆయన అన్న విలియం హంటర్ 1743లోనే కీలులోని మృదులాస్థి ఒకసారి చెడితే తిరిగి బాగుపడదని రాసి ఉన్నాడు. మనిషి మోకాలి గురించి చెప్పిన ఆ మాట గుర్రం కీలుకూ అక్షరాలా చెల్లుతుంది.

శాస్త్రం వచ్చింది గానీ గురి మారలేదు. 19వ శతాబ్దం మొదట్లో ఈ వైద్యులు ఒక సాహసం చేశారు. గిట్ట లోపలి చిన్న ఎముక దెబ్బతిని కుంటే గుర్రాలకు, పాదానికి వెళ్లే నరాన్నే కోసేశారు. నొప్పి తెలియని గుర్రం మర్నాడే బాగా నడిచింది. లోపల ఎముక మాత్రం అరుగుతూనే ఉంది. కాలిలో మేకు దిగినా తెలియని స్థితిలో కొన్ని గుర్రాలు గిట్ట పూర్తిగా పాడయ్యేదాకా పరిగెత్తాయి. సంతలో వాటికి మంచి ధర పలికింది.

ఆ కాలపు ధరల వెనకున్న లెక్కను డబ్ల్యూ. జె. గార్డన్ అనే రచయిత 1893లో లండన్ గుర్రాల మీద రాసిన పుస్తకంలో విప్పి చెప్పాడు. గుర్రపు బస్సు లాగడానికి అయిదేళ్ల గుర్రాన్ని కొంటారు. అది సుమారు అయిదేళ్లు పనిచేస్తుంది. ట్రామ్ లాగేదైతే నాలుగేళ్లే, ఎందుకంటే ఆగిన బండిని మళ్లీ మళ్లీ కదిలించే శ్రమకు కీళ్లు తొందరగా అరిగిపోతాయి. తర్వాత తేలిక బండికి, ఆ తర్వాత ఇంకా పేద యజమానికి, చివరికి కబేళాకు. పదేళ్ల వయసుకే గుర్రం చేతులు మారడం మొదలయ్యేది. దాని నిజమైన వార్ధక్యానికి ఇంకా పదేళ్ల దూరం ఉండేది.

ఈ లెక్క తప్పించుకున్న గుర్రాలూ ఉన్నాయి. ఇంగ్లండులో 1760లో పుట్టిన ఓల్డ్ బిల్లీ కాలువ గట్టు మీద పడవలు లాగేది. 1819 దాకా పనిచేసి, 1822 నవంబరులో 62వ ఏట చనిపోయింది. గుర్రాల ఆయుష్షులో నేటికీ దాన్ని దాటిన రికార్డు లేదు. దాని పుర్రె మాంచెస్టర్ మ్యూజియంలో ఉంది. వాటర్లూ యుద్ధంలో వెల్లింగ్టన్ ప్రభువు ఎక్కిన కోపెన్‌హేగెన్ ఆయన ఎస్టేటులో విశ్రాంతిగా బతికి 1836లో 28వ ఏట కన్నుమూసింది. ఒకదానికి మెత్తటి నేల మీద ఆగకుండా సాగే నిదానమైన నడక, ఇంకొకదానికి యజమాని పేరు ఆయుష్షు పోశాయి. మామూలు బండి గుర్రానికి ఈ రెండూ లేవు.

ఆ మామూలు గుర్రం తరఫున మాట్లాడిన పుస్తకాన్ని కాళ్లు సరిగా పనిచేయని ఒక మహిళ రాసింది. అన్నా సెవెల్ పద్నాలుగో ఏట జారిపడి చీలమండలు దెబ్బతిన్నాక జీవితమంతా సరిగా నడవలేకపోయింది. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రపు బండే ఆధారం. 1877లో వెలువడిన ఆమె నవల 'బ్లాక్ బ్యూటీ'లో కథ చెప్పేది గుర్రమే. మంచి లాయంలో మొదలై చేతులు మారుతూ అద్దె బండి దాకా దిగజారిన జీవితం అది. పుస్తకం వచ్చిన కొన్ని నెలలకే సెవెల్ మరణించింది. ఆ నవల కదిలించగా ఆన్ లిండో 1886లో లండన్ దగ్గర గుర్రాల విశ్రాంతి గృహం నెలకొల్పింది. బండివాడి గుర్రం అలసిపోతే అక్కడ ఉంచుకుని, ఈలోగా అతని కూలి పోకుండా వేరే గుర్రాన్ని ఇచ్చేవారు. పేదవాడి పొట్ట కొట్టకుండా గుర్రానికి విశ్రాంతి ఇవ్వడం ఎలాగన్న చిక్కుముడిని విప్పిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ కరుణను పెద్ద పరీక్షకు పెట్టింది. సూయెజ్ కాలువ కాపలాలోనూ, ఆపైన పాలస్తీనాలోనూ పోరాడిన దళాల్లో మైసూర్ లాన్సర్లతో పాటు హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఆ రంగంలో ఎక్కువగా కనిపించినవి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వేలర్ గుర్రాలు. భారత సైన్యం అప్పటికే దశాబ్దాలుగా కొంటున్న జాతి అది. యుద్ధం ముగిశాక రోగాల భయంతో ఆస్ట్రేలియా వాటిని వెనక్కి రానివ్వలేదు. ఆ దేశం విదేశాలకు పంపిన లక్షకు పైగా గుర్రాల్లో తిరిగి ఇల్లు చేరినది ఒక్కటే, మేజర్ జనరల్ బ్రిడ్జెస్ గుర్రం శాండీ. మధ్యప్రాచ్యంలో మిగిలినవాటిలో వయసు మళ్లినవాటిని, జబ్బుపడ్డవాటిని సైన్యమే కాల్చేసింది. చాలావాటిని భారత సైన్యానికీ, ఈజిప్టులోని దళాలకూ అప్పజెప్పింది. బ్రిటిష్ సైన్యం వదిలించుకున్న వేల గుర్రాలు ఈజిప్టులో స్థానికులకు అమ్ముడుపోయాయి.

ఒక సైనికాధికారి భార్యగా డొరొతీ బ్రూక్ 1930లో కైరో చేరినప్పుడు ఆ గుర్రాలు ఇంకా రాళ్ల బండ్లు లాగుతున్నాయి. వాటి ఒంటి మీద సైన్యం వేసిన ముద్రలు చెరగలేదు. వయసు ఇరవై దాటింది. కీళ్లు వాచి, గిట్టలు పగిలి, కొన్ని చూపు పోయి ఉన్నాయి. 1931లో ఆమె లండన్ పత్రిక మార్నింగ్ పోస్ట్‌కు లేఖ రాసింది. చందాలు వెల్లువెత్తాయి. మూడేళ్లలో దాదాపు 5,000 పాత యుద్ధాశ్వాలను ఆమె బృందం కొనుగోలు చేసింది. వాటిలో ఎక్కువ భాగం బాగుచేయగల దశ దాటిపోయాయి. వాటికి కొన్ని రోజుల పాటు కడుపునిండా దాణా, కాళ్ల కింద మెత్తటి గడ్డి పరుపు ఇచ్చి, ఆ తర్వాత నొప్పి లేకుండా ప్రాణం తీయించేవారు. 1934లో కైరోలో ఆమె పెట్టిన ఉచిత ఆస్పత్రి బండి గుర్రాలు ఆ స్థితికి రాకముందే చూసేందుకు పుట్టింది. యజమానులు కటిక పేదవాళ్లని, వాళ్లను తిట్టి ప్రయోజనం లేదని ఆమె పట్టుబట్టింది. గుర్రాన్ని కొనేటప్పుడు ఇంకో గుర్రం కొనుక్కోవడానికి సరిపడా డబ్బు ఇచ్చేది. ఆమె 1955లో కైరోలోనే మరణించింది. ఆమె స్థాపించిన సంస్థ ఈనాడు మన దేశంలో ఇటుక బట్టీల గుర్రాలకు, కంచర గాడిదలకు కూడా వైద్యం అందిస్తోంది.

అదే కాలంలో యూరప్, అమెరికా పొలాల్లో ట్రాక్టర్లు దిగాయి, వీధుల్లో మోటార్లు తిరిగాయి. బరువులు లాగే పని తప్పాక సంపన్న దేశాల్లో గుర్రం పెంపుడు జంతువైంది. యజమానికి దాని మీద మమకారమే తప్ప దాని మీద వచ్చే కూలి అక్కర్లేదు. ఇరవై దాటిన గుర్రాలు వేల సంఖ్యలో కనబడటం అప్పుడే మొదలైంది. వాటి కీళ్లకు మందు కూడా అప్పుడే దొరికింది.

1949లో మనుషుల కీళ్లవాతానికి ఫినైల్‌బ్యూటజోన్ అనే మందు మార్కెట్లోకి వచ్చింది. రక్తకణాలను దెబ్బతీస్తోందని తెలిశాక మనుషులకు దాని వాడకం బాగా తగ్గిపోయింది. గుర్రాలకు మాత్రం అద్భుతంగా పనిచేసింది. గుర్రాల లోకమంతా దాన్ని బ్యూట్ అని పిలిచింది. పొద్దున్నే అడుగు వేయలేని ముసలి గుర్రం రెండు పూటలు మందు పడ్డాక పచ్చికలో తిరిగేది. అయితే మోతాదు మించితే కడుపులో, పేగులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. పైగా నరం కోసిన కాలపు ప్రమాదమే కొత్త రూపంలో తిరిగొచ్చింది. చీలమండల నొప్పితో బాధపడే డాన్సర్స్ ఇమేజ్ అనే గుర్రం 1968లో అమెరికాలోని కెంటకీ డెర్బీ గెలిచింది. పందెం తర్వాత మూత్ర పరీక్షలో ఈ మందు ఆనవాళ్లు దొరికాయి. దాని బహుమతిని రెండో స్థానంలో వచ్చిన ఫార్వర్డ్ పాస్‌కు ఇచ్చారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. నొప్పిని అణచి పరిగెత్తించడం, నొప్పిని తగ్గించి బతకనివ్వడం ఒకే మందుతో సాధ్యమని ఆ కేసు లోకానికి చూపించింది. ఆ గీత ఎక్కడ గీయాలన్న చర్చ పందెపు మైదానాల్లో నేటికీ తెగలేదు.

గుర్రం కీలు మనిషికి చేసిన మేలు ఒకటుంది. హంగరీలో పుట్టిన శాస్త్రవేత్త ఎండ్రె బాలాజ్ కోడిపుంజు జుట్టు నుంచి హయలురోనిక్ ఆమ్లాన్ని శుద్ధిచేసి తీశాడు. కీలులోని జిగురు ద్రవానికి ఆ గుణం ఇచ్చే పదార్థం అదే. 1970 ప్రాంతంలో ఆయన బృందం దాన్ని పందెం గుర్రాల కీళ్లలోకి ఎక్కించి ఫలితం చూసింది. ఈరోజు మోకాలి నొప్పికి ఆర్థోపెడిక్ డాక్టరు వేసే జెల్ ఇంజెక్షన్ వెనక ఆ గుర్రాలున్నాయి.

బ్రిటన్‌లో వాతల కథ కూడా ఆ తర్వాత కొన్నేళ్లకు ముగింపుకొచ్చింది. కాల్చిన ఇనుము నిజంగా పనిచేస్తుందా అని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 1983లో ఫలితాలు ప్రకటించారు. కాలి స్నాయువు మానడంలో వాత ఏ మేలూ చేయలేదని, గాయం మాత్రం అదనమని తేలింది. బ్రిటన్ పశువైద్యుల వృత్తి నియంత్రణ సంస్థ (రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్) 1991లో దాన్ని వృత్తిధర్మానికి విరుద్ధమని ప్రకటించింది. రోమను కాలం నుంచి ఎవరూ సరిగా తూకం వేసి చూడని చికిత్స అది.

ఇప్పుడు పశువైద్యులు ముసలి గుర్రానికి చెప్పే మాటల్లో మొదటిది నడక. కట్టేసి ఉంచడం కీళ్లకు శత్రువు. రోజంతా, వీలైతే రాత్రి కూడా, చదునైన పచ్చికలో తిరగనివ్వాలి. స్వారీకి ముందు పది, పదిహేను నిమిషాలు నిదానంగా నడిపించాలి. గట్టి రోడ్డు, బురద, ఏటవాలు తప్పించాలి. ఒంట్లో కొవ్వు పెరగనీయకూడదు. లాడాలు కొట్టేవారు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట చెక్కి, ముందు అంచు గుండ్రంగా తీస్తే అడుగు లేవడం సులువవుతుంది. గిట్ట చెక్కేటప్పుడు కాలును మరీ ఎత్తి ఎక్కువసేపు పట్టుకోకూడదు. మందు వీలైనంత తక్కువ మోతాదులో, వైద్యుడి కనుసన్నల్లో ఇవ్వాలి.

నిద్ర సంగతి చాలామంది ఊహించరు. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది కానీ గాఢనిద్రకు పడుకోక తప్పదు. కీళ్లు నొప్పి పెట్టే గుర్రం పడుకుంటే లేవలేనన్న భయంతో రోజుల తరబడి పడుకోదు. చివరికి నిలబడ్డ చోటే నిద్రలో తూలి మోకాళ్ల మీద కూలబడుతుంది. ముందుకాళ్ల ముందువైపు మానని గాయాలు కనబడితే అనుభవమున్న వైద్యుడు ముందుగా గుర్రం పడుకుంటోందా అని అడుగుతాడు. మందమైన మెత్తటి పరుపు, లేవడానికి చాలినంత చోటు ఆ గుర్రానికి మందుతో సమానం.

వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి కాబట్టి గుర్రం నొప్పిని దాచుకుంటుంది. ఇంగ్లండులో ముసలి గుర్రాల మీద జరిగిన సర్వేల్లో యజమానులు గుర్తించిన కుంటుతనం కంటే వైద్యులు పరీక్షించి పట్టుకున్నది చాలా ఎక్కువ. వయసు కదా అని యజమానులు సరిపెట్టుకున్నారు. ఈ లోటు తీర్చడానికి 2014లో శాస్త్రజ్ఞులు గుర్రం ముఖం చూసి నొప్పిని కొలిచే పద్ధతి ప్రచురించారు. వెనక్కి బిగిసిన చెవులు, ముడుచుకున్న కళ్లు, కంటిపైన బిగుసు, నమిలే కండరాల బిగింపు, బిగబట్టిన నోరు, సాగిన ముక్కుపుటాలు, ఈ ఆరింటికీ మార్కులు వేస్తారు. స్వారీలో ఉన్న గుర్రం ప్రవర్తనలో 24 సంకేతాలను పశువైద్య నిపుణురాలు స్యూ డైసన్ 2018లో జాబితా కట్టింది. వాటిలో ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ కనబడితే ఎక్కడో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది.

ఈ జ్ఞానం తెలుగువాళ్లకు దూరపు సంగతేమీ కాదు. జట్కాలు పోయినా గుర్రాలు పోలేదు. హైదరాబాద్ మలక్‌పేట పందేల నుంచి విశ్రాంతి తీసుకునేవి, నగర పోలీసు అశ్వదళంలో వయసు పైబడేవి, పెళ్లి ఊరేగింపుల్లో గంటల తరబడి తారు రోడ్డు మీద నిలబడేవి ఇక్కడే ఉన్నాయి. కేదార్‌నాథ్ వెళ్లే తెలుగు యాత్రికులను రాతి మెట్ల మీద మోసుకెళ్లేవి గుర్రాలూ కంచర గాడిదలే. వాటి యజమానుల్లో ఎక్కువమంది ఆ రోజు సంపాదన మీద ఆ రోజు బతికేవాళ్లు, వాళ్లకు పది రోజుల విశ్రాంతి అంటే పది రోజుల పస్తు. కైరోలో డొరొతీ బ్రూక్ ఎదుర్కొన్నదీ, లండన్‌లో ఆన్ లిండో బదులు గుర్రమిచ్చి దాటిందీ ఈ చిక్కునే. ముఖం చూసి నొప్పి గుర్తించడానికి ఖర్చు లేదు, పొద్దున్నే పది నిమిషాలు నడిపించడానికీ ఖర్చు లేదు. గిట్టలు చెక్కించడానికి, మందుకు, బదులు గుర్రానికి మాత్రం డబ్బు కావాలి. ఆ డబ్బును ఎక్కేవాడి చార్జీలో కొంతైనా కలపాలా, దేవస్థానాలూ ప్రభుత్వాలూ భరించాలా అన్నది యాత్రా మార్గాల్లో ముందుగా తేల్చుకోవలసిన విషయం.